ఆరు బోల్టులు

మా ఇంటెనక కొట్టంలో గోడకి ఆనించి నాలుగు అల్లాయ్ చక్రాలున్నాయి. ఒకదాని మీద కోడి ఎక్కి కూర్చుంటోందని అమ్మ మొన్న ఫోన్లో చెప్పింది. టైర్లతో కలిపి వాటికి నేను పోసింది ముప్పై రెండు వేలు. వాటి గురించి రాద్దామని రెండు మూడుసార్లు కూర్చున్నాను. ప్రతిసారీ భయం, బాధ్యత, నాన్నలూ కూతుళ్ళూ అంటూ ఎటో పోయి ఆగిపోయేది. ఈసారి చక్రాల గురించే రాస్తాను.

మాది పాలకీడు. 2016లో జిల్లాలు విడదీసినప్పుడు మేం నల్లగొండ నుంచి సూర్యాపేటకి మారాం. మా వడ్లు మాత్రం మారలేదు. అవి ఇప్పటికీ మిర్యాలగూడ మిల్లులకే పోతాయి. ఆ వడ్లు మోసేవాళ్ళలో మా నాయిన ఒకడు. ఊళ్ళో అందరివీ బొలేరోలు, మాది ఒక్కటే ఇసుజు డీ-మాక్స్. శ్రీసిటీ ఫ్యాక్టరీలో తయారయ్యే బండి. ఒక మిల్లాయన అమ్మేస్తుంటే చవగ్గా వచ్చిందని నాయిన కొన్నాడు. చవగ్గా ఎందుకొచ్చిందో సామాను కొనాల్సి వచ్చిన మొదటిరోజు తెలిసింది. నేరేడుచర్లలో దొరకదు, మిర్యాలగూడలో "తెప్పిస్తం" అంటారు.

ఆ బండి ఏడాదంతా ఖాళీగా ఉండదు. కోతలప్పుడు వడ్లు. అదునుకి యూరియా బస్తాలు. జనవరిలో జాన్‌పహాడ్ సైదులు ఉర్సు వస్తే కందూరు చేసేవాళ్ళ యాటలు, గంజులు, పొయ్యి కట్టెలు. నాట్లప్పుడు తెల్లారి ఆరింటికి కూలికి పోయే ఆడవాళ్ళు. గూడ్సు బండిలో మనుషుల్ని ఎక్కించకూడదని నాకు తెలుసు, నాయినకి తెలుసు, ఎక్కేవాళ్ళకీ తెలుసు. బస్సు తొమ్మిదింటికి వస్తుంది. నారు తొమ్మిదింటిదాకా ఆగదు. దీన్ని సమర్థించుకోవాలని చెప్పడం లేదు. మా ఊరి పొద్దు ఎలా మొదలవుతుందో చెబుతున్నాను, అంతే.

2024 జులైలో ఎనక ఎడమ డిస్కు పగిలింది. చక్రంలో టైరు కాకుండా మిగిలిన ఇనప భాగాన్ని మా దగ్గర డిస్కు అంటారు. బోల్టు చిల్ల పక్కన వెంట్రుకంత గీత. బురద కడుగుతుంటే నాయిన కంట్లో పడింది. స్టెప్నీ ఎక్కించి, నాకు ఫోన్ చేసి, సిటీలో ఒక్క డిస్కు చూడమన్నాడు. ఒక్కటి. ఆ మాట నాకు బాగా గుర్తుంది.

ఆ వారం ఇంటికెళ్తే వచ్చేటప్పుడు బ్యాగులో ఒక అట్టముక్క పెట్టాడు. బిస్కట్ల పెట్టె అట్ట. చక్రం ఊడదీసి, హబ్బుకి అట్టని ఆనించి, అరచేత్తో గట్టిగా కొట్టాడట. బోల్టుల మొనలు ఆరుచోట్ల దిగాయి. మధ్యలో హబ్బు గుండ్రం పడినంత మేరా బ్లేడుతో కోసి తీసేశాడు. ఆరు చిన్న చిల్లలు, నడుమ ఒక పెద్ద చిల్ల.

"ఇది షాపోనికి చూపియ్యి. దీని మీద సరింగ కూసున్నదే తీసుకో" అన్నాడు.

నేను నవ్వాను. "నాయినా, దీనికో నంబరుంటది. అట్టలు మోసుకపోయే రోజులా ఇవి?"

ఆ నంబరేమిటో చెప్పాలి. చక్రాన్ని బండికి పట్టి ఉంచే బోల్టులు, అదే స్టడ్లు, హబ్బు మీద ఒక వలయంగా ఉంటాయి. వాటి నడిమధ్యల మీదుగా ఒక వృత్తం గీస్తే దాని వ్యాసమే పీసీడీ. బోల్టుల సంఖ్య, ఆ వ్యాసం, ఈ రెండూ కలిపి చెబుతారు. మా బండిది 6×139.7. ఆరు బోల్టులు, 139.7 మిల్లీమీటర్ల వృత్తం. ఈ పాయింట్ ఏడు ఎక్కడిదా అని నాకు మొదట్లో అనుమానమొచ్చింది. అంగుళాల్లోకి మారిస్తే తేలిపోయింది: సరిగ్గా అయిదున్నర అంగుళాలు. రెండో ప్రపంచయుద్ధంలో తిరిగిన విల్లీస్ జీపుకి అయిదు బోల్టులు, ఇదే అయిదున్నర అంగుళాల వృత్తం. 1940ల చివర్లో మహీంద్రా వాళ్ళు బొంబాయిలో బిగించడం మొదలుపెట్టింది ఆ విల్లీస్ జీపునే. మన మారుతీ జిప్సీకీ అయిదు బోల్టులే, 139.7 వృత్తమే. ఇన్నోవాకుండే 114.3 కూడా అంతే, నాలుగున్నర అంగుళాలు. లోకమంతా మిల్లీమీటర్లలోకి మారినా చక్రాలు మాత్రం పాత అంగుళాల్ని లోపల దాచుకుని తిరుగుతున్నాయి.

ఆరు బోల్టులుంటే కొలవడం తేలిక. ఒక చిల్ల నడిమధ్య నుంచి ఎదురుగా ఉన్న చిల్ల నడిమధ్యకి టేపు పెడితే చాలు. నడిమధ్య కంటికి దొరకదు కాబట్టి, ఒకదాని లోపలి అంచు నుంచి ఎదురుదాని బయటి అంచుకి కొలిస్తే అదే లెక్క వస్తుంది. పక్కపక్క చిల్లల మధ్య దూరాన్ని రెండింతలు చేసినా సరిపోతుంది. అయిదు బోల్టుల దగ్గరే జనం తప్పు చేస్తారు. అక్కడ ఏ బోల్టుకీ ఎదురు బోల్టు ఉండదు. ఒకటి వదిలేసి అవతలిదానికి కొలిచి అదే పీసీడీ అనుకుంటారు. 139.7 కాస్తా 133 అవుతుంది. అలాంటి చక్రం కోసం వెతుకుతూ పోతారు. పక్కపక్క బోల్టుల దూరం తీసుకుని 1.7తో హెచ్చించాలి. ఇదంతా ఒక రాత్రి కూర్చుని నేర్చుకున్నాను. నేర్చుకున్నందుకు కాస్త గర్వం కూడా వచ్చింది. ఇంగ్లీషు ఎమ్మే చదివి, కంపెనీలకి మాటలు రాసిపెట్టే ఉద్యోగం చేసేదాన్ని. ఇనప సంగతి ఒకటి నా చేతికి చిక్కిందని సంబరం.

పాత సామాన్ల షాపులో టేపు తీసి కొలిచాను. షాపతను నన్ను చూసి నవ్వుకున్నాడు గానీ కొలత కరెక్టే వచ్చింది. ఇనప డిస్కులు అడిగితే లేవన్నాడు. అల్లాయ్‌లు చూపించాడు. పదిహేడు అంగుళాలవి, మంచి టైర్లతో ఉన్నాయి. ఫార్చునర్ నుంచి తీసినవన్నాడు, నిజమో కాదో. "సేమ్ పీసీడీ మేడం, కళ్ళు మూసుకుని పెట్టేయండి" అన్నాడు. ఒక్క డిస్కు అడిగిన మనిషికి నాలుగు మెరిసే చక్రాలు పంపాలని ఆ క్షణంలో ఎందుకనిపించిందో ఇప్పటికీ పూర్తిగా చెప్పలేను. నాయిన నా చదువుకి అమ్మిన అరెకరం ఎక్కడో లోపల కదిలి ఉంటుంది. అట్టముక్క బ్యాగులోనే ఉంది. తీయలేదు.

ఆగస్టులో ఒక శనివారం మిర్యాలగూడలో టైర్ల షాపుకి తీసుకుపోయాం. నాయిన అందరికీ "మా బిడ్డ తెచ్చింది" అని చెబుతున్నాడు. షాపులో కుర్రాడు పాత చక్రాలు ఊడదీసి కొత్తవి ఎక్కించాడు. ఆరు బోల్టులూ ఆరు చిల్లల్లోంచి హాయిగా బయటికొచ్చాయి. నాయినవైపు చూసి "చూసినవా?" అన్నట్టు కళ్ళెగరేశాను.

షాపు పెద్దాయన, అందరూ చాచా అంటారు, టీ గ్లాసు పక్కన పెట్టి వచ్చాడు. మా పాత నట్టు ఒకటి తీసుకుని చక్రం చిల్లలో పెట్టి చూశాడు. వేలు పెట్టి తడిమాడు.

"నంబర్ కలిసిందమ్మా, బాగనే ఉన్నది. నట్టు కూసునే గుంత చూసినవా?"

"అంటే?"

"మీ నట్టు మొన గరాటు లెక్క ఉంటది. ఈ చక్రానికి గరాటు గుంత లేదు, సాఫ్‌గ ఉన్నది. దీనికి వాషర్ ఉన్న నట్లు కావాలె, కింద గొట్టం లెక్క ఉంటయి. అవి నా దగ్గర లేవు. సోమారం తెప్పిస్త."

"మరి అప్పటిదాకా?"

"పాత చక్రాలే ఉంచుకోన్రి."

పాత చక్రాలు మళ్ళీ ఎక్కించడమంటే, వాటిలో ఒకటి స్టెప్నీ, పగిలినది ఒకటి మూలన. నాయిన ముఖం చూశాను. "రెండు రోజులకేం కాదులే చాచా, ఇవే గట్టిగా బిగియ్యండి. సోమవారం వచ్చి మార్పించుకుంటాం" అన్నాను. చాచా నాయినవైపు చూశాడు. నాయిన నావైపు చూశాడు. చదువుకున్న బిడ్డ చెబుతోంది కదా. కుర్రాడు గన్నుతో బిగించేశాడు.

ఆ మాట అన్నది నేనే. షాపతను కాదు, చాచా కాదు, నాయిన కాదు.

ఆదివారం ఊళ్ళోనే రెండు తిరుగుళ్ళు తిరిగాం. డెబ్బై దాటితే స్టీరింగులో సన్నగా వణుకు. కొత్త టైర్లు కదా, సర్దుకుంటాయి అనుకున్నాం. సోమవారం తెల్లారి పదకొండుమంది ఆడవాళ్ళు ఎక్కారు. వాళ్ళని పొలం దగ్గర దింపి అటునుంచి అటే మిర్యాలగూడ పోదామని నేనూ ముందు సీట్లో కూర్చున్నాను. ఎనక నుంచి ముచ్చట్లు, నవ్వులు, ఎవరిదో సద్దిగిన్నె మూత చప్పుడు. కాలువ కట్ట ఎక్కాం. ఎడమవైపు నీళ్ళు, నిండుగా.

కాసేపటికి మా వాడకట్టు పెద్దమ్మ క్యాబిన్ అద్దం మీద కొట్టింది. నాయిన అద్దం దించాడు.

"అన్నా, ఎనక ఏందో గజ్జెలు మోగినట్టున్నది, జర ఆపు."

నాకేం వినపడలేదు. నాయినకి కూడా ఇంజన్ చప్పుడులో తెలియలేదు. ఆమె మళ్ళీ కొట్టింది. ఆపాడు.

ఎనక ఎడమ చక్రం. ఆరు నట్లలో ఒకటి లేదు. రెండు బోల్టులు తలకాయలు తెగిపోయి మొండి మొలల్లా ఉన్నాయి. మిగిలిన మూడు నట్లని నాయిన వేళ్ళతో తిప్పాడు. పానా అక్కర్లేదు, వేళ్ళతోనే తిరిగాయి. కట్ట అంచుకీ ఆ చక్రానికీ మధ్య ఒక మనిషి పడుకునేంత జాగా ఉంది.

మా జిల్లాల్లో పుట్టిన ఎవరికైనా కాలువ కట్ట మీద కూలీల బండి అనగానే కొన్ని పేర్లు వినపడతాయి. 2018 ఏప్రిల్‌లో పీఏ పల్లి మండలం వద్దిపట్ల దగ్గర మిరపకాయలు ఏరడానికి పోతున్న ఆడవాళ్ళ ట్రాక్టరు కాలువలో పడి తొమ్మిదిమంది పోయారు. అదే ఏడు జూన్‌లో వలిగొండ మండలంలో మూసీ కాలువలో ఇంకో ట్రాక్టరు, పదిహేనుమంది. వాటికీ నట్లకీ సంబంధం ఉందనడం లేదు. ఆ పొద్దున కట్ట మీద నిలబడినప్పుడు నా తలలో తిరిగింది మాత్రం ఆ రెండు అంకెలే.

ఆడవాళ్ళు దిగారు. ఎవరూ తిట్టలేదు. ఒకామె వంగి చక్రాన్ని చూసి, నన్ను చూసి, ఏమీ అనకుండా కొంగు నడుముకి దోపుకుంది. నారు కట్టలు మడిలో పడి ఉన్నాయి, ఆలస్యమైతే కూలి కోస్తారు. సద్దులు పట్టుకుని నడిచిపోయారు. పెద్దమ్మ పోతూ పోతూ "భయపడకు బిడ్డా, ఏం కాలే గదా" అంది. అది వినగానే నా కాళ్ళల్లో వణుకు మొదలైంది.

నాయిన మట్టిలో కూర్చుని తెగిన బోల్టుని వేలితో తాకుతూ ఒక్క మాటే అన్నాడు. "కొలిచినవు గదా."

వెటకారం కాదది. నిజంగానే అడుగుతున్నాడు. కొలిచాక కూడా ఎందుకు తప్పిందని.

ఆ జవాబు చాచా దగ్గర దొరికింది. బండిని లాక్కుపోయాక, చక్రం తిరగేసి చూపించాడు. చిల్లల అంచులు నలిగి, మెరుస్తున్న అల్యూమినియం పొడి. గరాటు నట్టు సాఫీ చిల్ల మీద నిండుగా కూర్చోదు, అంచు మీద ఒక సన్నని గీతలా ఆనుతుంది. ఎంత బిగించినా ఆ బిగువు మెత్తటి అల్యూమినియాన్ని కొరుక్కుంటూ వదులైపోతుంది. నాకు అప్పటిదాకా ఉన్న ఊహేమిటంటే, గోడకి మేకు కొట్టి చొక్కా తగిలించినట్టు చక్రం బోల్టులకి వేలాడుతుందని. కాదట. నట్లు చక్రాన్ని హబ్బుకేసి అదిమి పట్టాలి. ఆ రెండు ఇనప ముఖాల మధ్య పట్టే బరువుని మోస్తుంది. బోల్టు పని గుంజి పట్టుకోవడం. నట్టు వదులయ్యాక ఆ పట్టు పోయి, బరువంతా బోల్టుల మీద అడ్డంగా పడుతుంది. అటూ ఇటూ వంగీ వంగీ ఒక్కొక్కటే తెగుతాయి. ఒకటి తెగితే మిగిలినవాటి మీద ఇంకా ఎక్కువ.

రెండో తప్పు చక్రం నడుమ ఉంది. మా హబ్బు నడుమ పొడుచుకొచ్చిన గుండ్రం వంద మిల్లీమీటర్లు, నేను కొన్న చక్రం మధ్య చిల్ల నూట ఆరు. చుట్టూ మూడేసి మిల్లీమీటర్ల సందు. చక్రం నట్టనడుమ కూర్చుందో పక్కకి జరిగిందో చెప్పే ఆధారమే లేదు. డెబ్బై మీద వచ్చిన వణుకు అదే. తర్వాత వెతికితే తెలిసింది, 6×139.7 అనే ఒక్క నంబరు కింద ఎన్ని రకాల చక్రాలున్నాయో. మిత్సుబిషి పజేరో స్పోర్ట్‌కి నడుమ చిల్ల 67, ఫోర్డ్ ఎండీవర్‌కి 93, ఫార్చునర్‌కి 106. నాలుగు బళ్ళదీ ఒకే పీసీడీ. పజేరో చక్రం తెచ్చి ఉంటే మా హబ్బు మీద అసలు ఎక్కేదే కాదు, నవ్వుకుని వెనక్కిచ్చేవాళ్ళం. పెద్ద చిల్ల కాబట్టి ఎక్కింది. ఎక్కింది కాబట్టి సరిపోయిందనుకున్నాం.

నాయిన అట్టముక్క నడుమ కోసిన ఆ పెద్ద గుండ్రం ఇదే. షాపులో దాన్ని చక్రం మీద పెట్టి ఉంటే సందు కనపడేది. నట్టు గుంత సంగతి అట్ట కూడా చెప్పదు, ఆ మాట ఒప్పుకోవాలి. అయినా నా నంబరు కంటే అట్టకి ఒక విషయం ఎక్కువ తెలుసు.

ఎడమ చక్రమే ఎందుకని అడిగితే నాయినే చెప్పాడు. పెళ్ళికి ముందు ఆయన కిరాయికి ఒక ముసలి విల్లీస్ నడిపేవాడు. దాని ఎడమవైపు చక్రాలకి ఎదురు మరలుండేవట. అందరిలా కుడికి తిప్పితే ఊడేవి. "తెలువనోడు పానా ఏసి ఊగిసలాడి బోల్టు ఇరగ్గొట్టెటోడు" అని మొదటిసారి ఆ రోజు నవ్వాడు. బండి ముందుకి పోతుంటే ఎడమ చక్రం, బయట నిలబడి చూసేవాళ్ళకి, గడియారానికి ఎదురుగా తిరుగుతుంది. మామూలు మర నట్టు ఊడేదీ అటే. బిగువు సరిగా ఉంటే ఆ తిరుగుడు ఏమీ చేయలేదు. వదులైతే దాని పని అది చేస్తుంది. ఆ జీపులు చేసినవాళ్ళు అందుకే ఆ వైపు మర తిప్పి పెట్టారు. ఇప్పటి బళ్ళకి రెండువైపులా ఒకటే మర.

చాచా కొత్త బోల్టులు దింపి, ఇనప డిస్కులు మళ్ళీ ఎక్కించి, చేత్తో పానా పట్టి బిగించాడు, గన్నుతో కాదు. ఒకటి బిగించి దాని ఎదురుది, తర్వాత పక్కది, దాని ఎదురుది. వరసగా చుట్టూ బిగిస్తే చక్రం ఒకవైపుకి ఒరిగి కూర్చుంటుందట. ఇంటికి పోయాక రేపు మళ్ళీ ఒకసారి పానా వెయ్యమన్నాడు. యాభై, వంద కిలోమీటర్లు తిరిగాక నట్లు సర్దుకుంటాయి, అప్పుడు చూడనివాడికే ఊడతాయి అన్నాడు. ఇనప డిస్కు ఒకటి వారంలో తెప్పించి ఇచ్చాడు. నాయిన మొదట అడిగింది ఆ ఒక్కటే. శనివారం నేనన్న మాట ఆయన ఎత్తలేదు. ఎత్తితే బాగుండేది.

ఆ పదకొండుమందికీ ఆ రోజు సగం కూలే పడింది. మిగతా సగం ఇస్తానంటే పెద్దమ్మ తీసుకోలేదు. మిగతావాళ్ళు తీసుకున్నారు. తీసుకున్నవాళ్ళ దగ్గరే నాకు ఊపిరాడింది. పెద్దమ్మ ఎదురుపడితే ఇప్పటికీ మాట తడబడుతుంది.

ఆ అల్లాయ్‌లు అమ్మేద్దామని ఈమధ్య ఫోటోలు పెట్టాను. కోదాడ నుంచి ఒకతను ఫోన్ చేశాడు.

"పీసీడీ ఎంతండి?"

"ఆరు, నూట ముప్పై తొమ్మిది పాయింట్ ఏడు."

"అయితే ఓకే, నా బండికి సరిపోతది. ఫైనల్ ఎంత?"

"మీది ఏ బండి? మీ నట్లు ఎలాంటివి? మొన గరాటులా ఉంటదా, వాషర్ ఉంటదా? హబ్బు నడుమ కొలిచారా?"

"అవన్నీ ఎందుకండీ, నంబర్ కలిసింది గదా."

నేను చెప్పడం మొదలుపెట్టాను. కాలువ కట్ట దాకా రాకముందే అతను ఫోన్ పెట్టేశాడు. ఇంకా అవి కొట్టంలోనే ఉన్నాయి.